ఫిల్ముకు నీడ, వీడియోకు తెలుపు

ఫిల్ము మీద చేయి తిరిగినవారు వీడియోకు రాగానే తడబడేది ఎక్స్‌పోజర్ దగ్గరే, అంటే ఎంత వెలుగును లోపలికి రానివ్వాలన్న లెక్క దగ్గరే. నెగెటివ్ ఫిల్ము వెలుగు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. తక్కువైతేనే నీడల్లో వివరం పోయి గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) తేలుతుంది. అందుకే 500 స్పీడు (వెలుగును పట్టే వేగం) నెగెటివ్‌ను 250గా లెక్కగట్టి, ఒక స్టాప్ అదనంగా, అంటే రెట్టింపు వెలుగు ఇచ్చే ఛాయాగ్రాహకులు ఉన్నారు. (నెగెటివ్ లేకుండా నేరుగా బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్ము సంగతి వేరు, దాని తీరు వీడియోదే.) వీడియోలో అదే పని చేస్తే తెల్ల పంచె ముడతలన్నీ పోయి కాగితంలా మిగులుతుంది. అలా పోయిన వివరం ఎడిటింగ్‌లో తిరిగి రాదు.

కాబట్టి వీడియోకు ముందుగా ఫ్రేములో అన్నిటికన్నా తెల్లగా ఉన్నదాన్ని చూడండి. కెమెరాలో జీబ్రా (వెలుగు మితిమీరిన చోట తెర మీద చారలు చూపే సదుపాయం) ఉంటే 95 శాతం దగ్గర పెట్టి, పంచె మీద ఆ చారలు మాయమయ్యే వరకు అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, మూయండి. ముఖం చీకటిపడిందా? అపర్చర్ జోలికి మళ్లీ వెళ్లకండి. ముఖానికి కిటికీ లేని నీడవైపు రెండు మూడు అడుగుల దూరంలో థర్మోకోల్ షీటు నిలబెట్టండి. కిటికీ వెలుగే దానికి తగిలి మెత్తగా ముఖం మీదికి వస్తుంది. సత్యజిత్ రాయ్ సినిమాల ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా 1950లలోనే లైట్లను తెల్లబట్ట మీదికి తిప్పి సెట్‌లో పగటి వెలుగు పుట్టించారు. మనకు థర్మోకోల్ చాలు.

గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయండి. కుదరకపోతే షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక వెలుగు కొట్టుకోదు. జరీ అంచు మీద మెరిసే చుక్కలను మాత్రం వదిలేయండి, వాటి కోసం ముఖాన్ని చీకటి చేయడం దండగ.