సొంత ల్యాబు: తొలి ఏడాది పనులు

హైదరాబాదులో నా పరిశోధన ల్యాబు తాళంచెవి చేతికి వచ్చిన రోజు, లోపల రెండు బల్లలు, ఒక సింకు మాత్రమే ఉన్నాయి. అలాంటి గదిలో అడుగుపెట్టబోయేవారు ముందుగా కరెంటు సంగతి చూడండి. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరుకు విడి సర్క్యూటు, జనరేటరు లైను కావాలి. ఏప్రిల్‌లో ఒక రాత్రి కరెంటు పోయి, నాలుగేళ్లుగా కూడబెట్టిన నమూనాలు కరిగిపోయాయి. ఆ ఉదయం నేను ఏడ్చాను. అప్పటినుంచి ప్రతి నమూనాను రెండు భాగాలు చేసి, ఒకటి పక్క ల్యాబులో దాస్తున్నాను. మీరు మొదటి రోజే ఆ పని చేయండి.

నిధుల దరఖాస్తులు ఉద్యోగంలో చేరకముందే మొదలుపెట్టండి. బయోమెడికల్ పరిశోధన చేసేవారికి నిధులిచ్చే ఇండియా అలయన్స్ అనే సంస్థ కార్యాలయం మన నగరంలోనే ఉంది. జన్యుమార్పిడి ప్రయోగాలకు మీరు పనిచేసే సంస్థలోని బయోసేఫ్టీ (జీవభద్రత) కమిటీ అనుమతి తప్పనిసరి. యంత్రాలు వచ్చేదాకా ఆగకుండా ఆ కాగితాలు పంపండి.

మొదటి విద్యార్థిని మార్కులు చూసి ఎంచుకోవద్దు. విఫలమైన ఒక ప్రయోగం గురించి చెప్పమని అడగండి. ఎక్కడ తప్పిందో, తర్వాత ఏమి మార్చిందో ఓపికగా వివరించిన అమ్మాయి చేతి మీదుగానే ఇప్పుడు నా ల్యాబు నడుస్తోంది. ప్రతి శుక్రవారం పక్కన కూర్చుని ఆమె నోటుపుస్తకం చదువుతాను. ఆ గంటలో ఏ సమావేశమూ పెట్టుకోను.