సాదా టెక్స్ట్‌లో పట్టిక, స్ప్రెడ్‌షీట్‌లో పట్టిక: ఏది ఎప్పుడు, ఎలా

ఒక పట్టికను ఎక్కడ తయారుచేయాలో తేల్చుకునే ముందు, అది రేపు ఎవరి ముందుకు, ఏ రూపంలో వెళ్తుందో ఆలోచించుకోవాలి. నివేదికలోనో, ప్రయోగానికి రాసుకున్న నోట్సులోనో నాలుగు పేరాల మధ్య ఇమిడి, వాటితోపాటే పాఠకుడి కంటబడి, వాటితోపాటే భద్రంగా ఉండవలసిన పట్టికకు సాదా టెక్స్ట్ ఫైలే తగిన చోటు. పలువురి చేతులు పడుతూ, ఒకరోజు తేదీల వారీగా, మరొకరోజు మనుషుల వారీగా వడకట్టి చూడవలసిన వేల వరుసల సమాచారానికి స్ప్రెడ్‌షీట్ తగినది. ఈ రెండింటినీ సౌకర్యాల జాబితాలుగా పక్కపక్కన పెట్టి చూస్తే ఎప్పుడూ స్ప్రెడ్‌షీటే గెలుస్తుంది; కానీ నా దృష్టిలో అసలు తేడా సౌకర్యాలలో లేదు. టెక్స్ట్ పట్టికలో లెక్క చేసిన సూత్రం పట్టిక కిందనే అక్షరాల్లో కనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో అది గడి వెనుక ఉంటుంది.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ యాపిల్ 2 కంప్యూటర్ కోసం తెచ్చిన విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ నాటి నుంచీ ఈ ఏర్పాటు ఉంది: గడుల్లో ఫలితాలు కనిపిస్తాయి, కర్సర్ ఉన్న ఒక్క గడి సూత్రం మాత్రం పైన కనిపిస్తుంది. ఒక అంకె మార్చగానే దానిపై ఆధారపడినవన్నీ మారిపోయే ఆ సదుపాయం చాలా గొప్పది. అయితే దానితోపాటు ఒక ప్రమాదం కూడా వచ్చింది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రభుత్వాల అప్పుకూ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధంపై 2010లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రానికి ఆధారమైన ఎక్సెల్ ఫైలులో సగటు లెక్కించే సూత్రం 49వ వరుస వరకు వెళ్లవలసింది 44వ వరుస దగ్గరే ఆగిపోయింది. ఐదు దేశాలు లెక్కలోకి రాలేదు. థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి ఆ ఫైలును తెప్పించుకుని పరిశీలించాకే, 2013లో, ఈ సంగతి బయటపడింది. పత్రం చదివినవారికి ఫలితం కనిపించిందే తప్ప, సూత్రం కనిపించే వీలు లేదు.

టెక్స్ట్ ఎడిటర్‌లో లెక్కలు చేసే పట్టిక

సాదా టెక్స్ట్‌కు చిన్న గుర్తులతో రూపమిచ్చే మార్క్‌డౌన్‌లోనూ నిలువు గీతలతో పట్టిక గీయవచ్చు గాని, అది చూపించడానికే పనికివస్తుంది, లెక్క చేయదు. లెక్క కూడా కావాలంటే ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో నోట్సు, పట్టికలు రాసుకోవడానికి ఉన్న ఆర్గ్ మోడ్‌ను ఆశ్రయించాలి. కార్‌స్టన్ డొమినిక్ 2003లో దీనిని మొదలుపెట్టారు. ఈమాక్స్ 22వ వెర్షన్ నుంచి ఇది ఎడిటర్‌తోపాటే వస్తున్నది కనుక విడిగా తెచ్చుకోవలసిన అవసరం లేదు.

ఆర్గ్ ఫైలు తెరిచి, వరుస మొదట్లో నిలువు గీత పెట్టి, శీర్షికలను ఒక్కొక్క నిలువు గీతతో వేరుచేస్తూ రాయండి. కింది వరుసలో నిలువు గీత, దాని పక్కనే ఒక అడ్డగీత పెట్టి ట్యాబ్ నొక్కితే విభజన గీత పూర్తిగా పడుతుంది. తరువాత ప్రతి గడి నింపి ట్యాబ్ నొక్కుతూ పోతే పట్టిక తనంతట తానే సర్దుకుంటుంది, చివరి గడి దాటగానే కొత్త వరుస ఏర్పడుతుంది. మూడు పుస్తకాలు చదవడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కించే చిన్న పట్టిక ఇది:

| పుస్తకం | పుటలు | రోజుకు | రోజులు |
|---------+-------+--------+--------|
| మొదటిది | 240 | 20 | 12 |
| రెండవది | 315 | 15 | 21 |
| మూడవది | 180 | 12 | 15 |
|---------+-------+--------+--------|
| మొత్తం | 735 | | 48 |

నాలుగవ నిలువు వరుసలోని అంకెలను చేత్తో రాయనవసరం లేదు. ఆ వరుసలో ఏదైనా ఒక గడిలో =$2/$3 అని రాసి ట్యాబ్ నొక్కితే, అది ఆ నిలువు వరుస మొత్తానికి సూత్రంగా నమోదై, పట్టిక కింద ప్రత్యేకమైన సూత్రాల పంక్తిలో చేరుతుంది. ఇక్కడ డాలర్ గుర్తు నిలువు వరుసను, @ గుర్తు అడ్డువరుసను సూచిస్తాయి. అన్ని వరుసలకూ ఫలితాలు రావాలంటే ఆ సూత్రాల పంక్తి మీద కర్సర్ ఉంచి కంట్రోల్, సీ కలిపి రెండుసార్లు నొక్కాలి. మొత్తాల వరుసకు వేరే సూత్రం కావాలి, లేకపోతే అక్కడ కూడా భాగహారమే జరుగుతుంది. అందుకు సమాన గుర్తుకు ముందు కోలన్ పెట్టి := అని మొదలుపెట్టి, వీసమ్ (vsum) అనే ఫంక్షన్ పేరును ఆంగ్ల అక్షరాల్లో రాసి, బ్రాకెట్లలో @2..@-1 అని ఇవ్వాలి. రెండవ అడ్డువరుస నుంచి తనకు పైనున్న వరుస దాకా కూడమని దాని అర్థం. ఇలా ఒక గడికి ప్రత్యేకంగా ఇచ్చిన సూత్రం నిలువు వరుస సూత్రాన్ని పక్కకు నెట్టి తనే అమలవుతుంది. ఎన్నవ వరుసో తెలియక తికమకపడితే కంట్రోల్, సీ నొక్కి } నొక్కితే పట్టిక చుట్టూ వరుస సంఖ్యలు కనిపిస్తాయి.

స్ప్రెడ్‌షీట్‌కు అలవాటుపడినవారు ఇక్కడ తప్పక పొరపాటుపడే విషయం ఒకటుంది: అంకె మార్చినంత మాత్రాన ఫలితం మారదు, మీరు అడిగినప్పుడే మారుతుంది. అందువల్ల పట్టికను ఎవరికైనా పంపే ముందు సూత్రాల పంక్తి దగ్గరకు వెళ్లి మరొకసారి లెక్క చేయించడం అలవాటు చేసుకోవాలి. రెండవ జాగ్రత్త వరుసలను కదిలించేటప్పుడు. ఆల్ట్ పట్టుకుని బాణం గుర్తులతో వరుసలను జరిపితే సూత్రాలలోని సంఖ్యలను ఆర్గ్ మోడ్ తానే సరిచేస్తుంది. అదే ఒక పంక్తిని మామూలుగా కత్తిరించి మరొకచోట అతికిస్తే సూత్రాలు పాత సంఖ్యలతోనే ఉండిపోతాయి. నేను తొలిరోజుల్లో ఇలా ఒక వరుసను కత్తిరించి, మొత్తం ఎందుకు తప్పుతున్నదో తెలియక చాలాసేపు వెతికాను. అయితే సూత్రం కళ్లెదుటే ఉన్నందువల్ల చివరికి దొరికింది.

తెలుగులో పట్టికలు రాసేవారికి మరొక ఇబ్బంది ఎదురవుతుంది. టెక్స్ట్ పట్టికలోని నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి నిలబడాలంటే ప్రతి అక్షరమూ సమాన వెడల్పులో ఉండాలి. ఆంగ్ల అక్షరాలకు అలాంటి ఫాంట్లు సులభంగా దొరుకుతాయి గాని, తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసిన అక్షరాల వెడల్పు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి గీతలు వంకరగా కనిపిస్తాయి. దీనిని చూసి పట్టిక చెడిపోయిందని భయపడవద్దు, గడులను వేరుచేసేది నిలువు గీత మాత్రమే కనుక లెక్కలకు ఏ హానీ జరగదు. కంటికి కూడా సరిగా ఉండాలనుకుంటే, పిక్సెళ్ల లెక్కన గీతలను సర్దే వాలైన్ (valign) అనే ప్యాకేజీని ఈమాక్స్‌లో చేర్చుకోవచ్చు. తెలుగు పేర్లున్న నిలువు వరుసను పట్టికలో చివరికి జరిపితే, ముందున్న అంకెల వరుసలన్నీ నిటారుగా నిలుస్తాయి. నేను ఎక్కువగా చేసేది ఇదే.

గిట్ వంటి సాధనంతో మార్పుల చరిత్రను దాచుకునేవారికి టెక్స్ట్ పట్టిక ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే ఏ రోజు ఏ అంకె మారిందో పంక్తితో సహా చూడవచ్చు. ఎక్సెల్ ఫైలు లోపల జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఉంటుంది కనుక గిట్ దాన్ని అలా విప్పి చూపదు. కాకపోతే ఒక గడి పొడవు పెరిగి పట్టిక మొత్తం సర్దుకున్నప్పుడు అన్ని పంక్తులూ మారినట్టు కనిపిస్తాయి. అప్పుడు ఖాళీల తేడాను పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పి పోల్చాలి.

స్ప్రెడ్‌షీట్‌కు వెళ్లవలసినప్పుడు

వరుసలు వేలల్లోకి వెళ్తే టెక్స్ట్ పట్టిక మొండికేస్తుంది. ఎంపిక చేసిన పాఠాన్ని పట్టికగా మార్చే ఆర్గ్ ఆదేశం, సెట్టింగ్ మార్చకపోతే, 999 పంక్తులకు మించి అంగీకరించదు; ఆ హద్దును ఒక సలహాగానే తీసుకోవడం మంచిది. పలువురు ఒకేసారి నింపడం, తప్పు విలువ రాకుండా గడికి నియమం పెట్టడం, సమాచారాన్ని వర్గాల వారీగా కూడి చూపే పివట్ పట్టికలు, గ్రాఫులు, ఇవి కావలసినప్పుడు సందేహించకుండా స్ప్రెడ్‌షీట్ తెరవండి.

తెరిచాక మాత్రం దాని సొంత తెలివి విషయంలో మెలకువగా ఉండాలి. ఎక్సెల్ అంకెలను 15 స్థానాల వరకే నిలుపుకుంటుంది, కాబట్టి 16 అంకెల గుర్తింపు సంఖ్యను అలాగే టైపు చేస్తే చివరి అంకె సున్నాగా మారుతుంది. సంఖ్యకు ముందున్న సున్నాలు పోతాయి. నెల పేరును పోలిన పదాలు తేదీలవుతాయి. ఈ బెడద ఎంత ముదిరిందంటే, మార్చ్1, సెప్ట్1 వంటి మానవ జన్యువుల పేర్లనే మార్చినట్టు వాటికి పేర్లు నిర్ణయించే సంఘం 2020లో ప్రకటించింది. అందువల్ల బయటి ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్‌లో డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుంటూ, ఏది అంకె, ఏది తేదీ అన్న రకాలను ఊహించవద్దని చెప్పండి. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో దిగుమతి పెట్టె తెరుచుకోగానే గుర్తింపు సంఖ్యల నిలువు వరుసను ఎంచి టెక్స్ట్ అని నిర్ణయించండి.

ఫైలు రకాన్ని కూడా చూసుకోవాలి. ఇప్పటి ఎక్సెల్ ఫైలులో 10,48,576 అడ్డువరుసలు పడతాయి, పాత రకంలో 65,536 మాత్రమే. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కల్లోకి రాకుండా పోవడానికి ఈ పాత హద్దే కారణం. ఇక దాగి ఉన్న సూత్రాల సంగతి: కంట్రోల్ పట్టుకుని ` గుర్తును నొక్కితే గడులన్నిటిలో ఫలితాలకు బదులు సూత్రాలు కనిపిస్తాయి. ప్రతి ముఖ్యమైన పట్టికనూ పంపే ముందు ఒకసారి ఈ రూపంలో పైనుంచి కింది దాకా చదవమని గట్టిగా చెబుతాను. పరిధి మధ్యలో ఆగిపోయిన సూత్రం ఇలా చూసినప్పుడు ఇట్టే పట్టుబడుతుంది.

ఒకచోటి నుంచి మరొకచోటికి

పెద్ద సమాచారాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఉంచి, దాని సారాంశాన్ని మాత్రం టెక్స్ట్ నివేదికలోకి తెచ్చుకోవడం నాకు బాగా కుదిరిన పద్ధతి. రెండింటికీ ఉమ్మడి భాష సీఎస్‌వీ, అంటే విలువలను కామాలతో వేరుచేసి రాసే సాదా టెక్స్ట్ ఫైలు. స్ప్రెడ్‌షీట్ నుంచి, తెలుగు అక్షరాలను కూడా సరిగా దాచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో సీఎస్‌వీగా దాచి, ఆర్గ్ ఫైలులో పట్టిక దిగుమతి ఆదేశంతో తెచ్చుకోవాలి. వెనక్కి పంపేటప్పుడు ఎగుమతి ఆదేశం ఉంది. ఎక్సెల్‌లో తెలుగు అక్షరాలకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తే ఫైలు పాడైందనుకోవద్దు, దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8ను ఎంచుకుంటే అక్షరాలు సరిగా వస్తాయి.

సీఎస్‌వీలో విలువలే ప్రయాణిస్తాయి, సూత్రాలు రావు. కాబట్టి ప్రయాణం ముగిశాక మొత్తాల వరుసను కొత్త చోట మళ్లీ సూత్రంతో లెక్కించి, పాత మొత్తంతో పోల్చి చూడండి. తేడా వస్తే ముందుగా వరుసల సంఖ్యను, ఆ తరువాత అంకెలుగా కాక అక్షరాలుగా వచ్చిన గడులను వెతకండి.