అరకు వెళ్తున్నారా? శుక్రవారం కలిసొచ్చేలా చూసుకోండి

చాలామంది శని, ఆదివారాల్లో వెళ్లి బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం చూసి వచ్చేస్తారు. అరకు అసలు కళ శుక్రవారం సంతలో ఉంటుంది. చుట్టుపక్కల కొండల నుంచి ఆడవాళ్లు పసుపు, రాజ్మా, చింతపండు, అడ్డాకులు తెచ్చి నేల మీదే కుప్పలు పోస్తారు. పొద్దున్నే వెళ్తే మంచిది. పది, ఇరవై రూపాయల నోట్లు, ఒక గుడ్డ సంచి వెంట ఉంచుకోండి; సిగ్నల్ లేకపోతే ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు. దయచేసి గీచి గీచి బేరమాడకండి, ఆ బరువంతా వాళ్లు మోసుకొచ్చిందే. ఫొటో కావాలంటే ముందు “తీసుకోవచ్చా అమ్మా?” అని అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి. శీతాకాలమైతే స్వెట్టర్ తప్పనిసరి, తెల్లవారుజామున చలి ఎముకలు కొరికేస్తుంది.