డూపేజ్ కౌంటీ అడవుల్లోకి మొదటిసారి వెళ్లేవారు పిడుదుల సంగతి తెలుసుకోండి

అమెరికాలో షికాగో దగ్గరున్న డూపేజ్ కౌంటీ వైపు, నేపర్‌విల్, అరోరా ప్రాంతాలకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొన్న జూన్‌లో ఒక అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను హెరిక్ లేక్ అడవికి తీసుకువెళ్లి వచ్చి, తండ్రి మోకాలి వెనుక పట్టుకుని ఉన్న పిడుదును ఊడగొట్టడానికి వెలిగించిన అగరుబత్తి ఆనించబోతుంటే, నేను చెయ్యి పట్టుకుని ఆపవలసి వచ్చింది. గేదెలకు పట్టే పిడుదే కదా అని ఆ పెద్దాయన తేలిగ్గా నవ్వారు. కాదు. ఇక్కడి నల్లకాళ్ల పిడుదు లైమ్ అనే బాక్టీరియా వ్యాధిని మోసుకొస్తుంది.

అడవికి వెళ్లవద్దని మాత్రం నేను ఎవరికీ చెప్పను. తెలిసినవారు లేని ఊళ్లో, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే నా మొదటి చలికాలమంతా గదిలోనే గడిచింది. మంచు కరిగాక నన్ను మళ్లీ మనిషిని చేసినవి ఈ బాటలే. 1915లో ఏర్పడిన కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్ డిస్ట్రిక్ట్ సంరక్షణలో దాదాపు 26,000 ఎకరాలున్నాయి. ప్రవేశానికీ పార్కింగుకూ రుసుము లేదు. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలను చుట్టివచ్చే వాటర్‌ఫాల్ గ్లెన్ బాట సుమారు తొమ్మిదిన్నర మైళ్లు. బ్లాక్‌వెల్ అడవిలోని మౌంట్ హాయ్ ఒకప్పటి చెత్త దిబ్బ మీద వెలసిన గుట్ట; 1977లో ఆ బ్లాక్‌వెల్‌లోనే ఉన్ని మామత్ (ఎప్పుడో అంతరించిన, ఒళ్లంతా బొచ్చున్న ఏనుగు జాతి) ఎముకలు బయటపడ్డాయని చెబితే పిల్లలు హుషారుగా నడుస్తారు.

సూర్యోదయమైన గంటకు తెరుస్తారు, సూర్యాస్తమయమైన గంటకు మూసేస్తారు. పదహారేళ్లు నిండినవారు చేపలు పట్టాలంటే రాష్ట్ర లైసెన్సు కావాలి. వినాయక చవితికి పత్రి కోయడం, కూరకు ఆకు గిల్లడం, చెరువుల్లో విగ్రహాలు కలపడం కుదరవు. ఏళ్ల తరబడి కలుపు తీసి, విత్తనం చల్లి, పద్ధతి ప్రకారం మంట పెట్టి నిలబెట్టిన గడ్డిమైదానాలు ఇక్కడివి. వసంతంలో పొగ కనిపిస్తే కంగారుపడి 911కు ఫోన్ చేసే ముందు, వాళ్లే మంట పెడుతున్నట్టు దగ్గర్లో బోర్డు ఏమైనా పెట్టారేమో చూడండి.

మళ్లీ పిడుదుల దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా చెప్పులతో, పొట్టి నిక్కర్లతో మోకాలెత్తు గడ్డిలో నిలబడి ఫోటోలు తీసుకునేవారు కనిపిస్తూనే ఉన్నారు. మే నుంచి జూలై దాకా తిరిగే పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది, కరిచినా నొప్పి తెలియదు. బాట నడిమి నుంచి పక్కకు దిగకండి. నిండు ప్యాంటు వేసుకుని, అంచులను సాక్సులోకి దోపండి. పురుగులను దగ్గరికి రానివ్వని డీట్ అనే రసాయనం ఉన్న మందు పూసుకోండి. ఇంటికి రాగానే బట్టలను డ్రయ్యర్లో పది నిమిషాలు బాగా వేడి మీద తిప్పి, స్నానం చేస్తూ చంకలు, గజ్జలు, చెవుల వెనుక, మోకాళ్ల వెనుక, జుట్టు కుదుళ్లు తడిమి చూసుకోండి. పెద్దవారు మొహమాటపడతారు, అయినా అడిగి చూడవలసిందే.

కనిపిస్తే కిరోసిన్, నిప్పు, వ్యాజిలీన్ ఏవీ వద్దు. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. దాన్ని టేపుకు అంటించి దాచి, తేదీ రాసుకోండి. తీసిన 72 గంటల లోపు డాక్టరును కలిస్తే, అవసరమనుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క మోతాదు ఇస్తారు. ఆ తర్వాత నెల రోజుల పాటు, రోజురోజుకూ వెడల్పయ్యే ఎర్రటి మచ్చ గానీ జ్వరం గానీ వస్తుందేమో గమనించండి. ఇలాంటి వైద్యానికి వర్తిస్తుందో లేదో, అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలను వారు విమానం ఎక్కకముందే చదవండి.

ఇంత బెదిరించాక ఈ మాట కూడా చెప్పాలి. ప్రతి పిడుదులోనూ ఆ క్రిమి ఉండదు; ఉన్నా, సాధారణంగా ఒక రోజుకు పైగా ఒంటిని అంటిపెట్టుకుంటే తప్ప సోకదు కనుక, ఆ రాత్రే చూసి తీసేసినవారికి ముప్పు చాలా తక్కువ. ఒకవేళ సోకినా, తొందరగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ఆరు నెలల కోసం వచ్చిన పెద్దవారిని అపార్ట్‌మెంటులో టీవీ ముందు కూర్చోబెట్టకండి. ఈ శనివారమే సాక్సులు తొడిగించి తీసుకువెళ్లండి.