బియర్డెడ్ డ్రాగన్లను (ఒక రకం పెంపుడు బల్లులు) జత కట్టించే ముందు చూసుకోవలసినవి

– ముందుగా లెక్క వేసుకోండి. ఒక్క విడతలోనే ఇరవైకి పైగా గుడ్లు రావచ్చు. ఆడది వీర్యాన్ని దాచుకోగలదు. మగదాన్ని వేరు చేశాక కూడా మరికొన్ని విడతలు పెట్టవచ్చు. అన్ని పిల్లలను ఎవరు పెంచుతారో తేలకపోతే ఆలోచన మానుకోండి.

– ఆడదానికి కనీసం 18 నెలలు నిండాలి, 24 అయితే ఇంకా మంచిది. ఒళ్లు బాగా పట్టి ఉండాలి. తోబుట్టువులను కలపవద్దు.

– రెండింటికీ పశువైద్యుడి చేత పేడ పరీక్ష, అడినోవైరస్ (ఈ బల్లుల్లో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే వైరస్) పరీక్ష చేయించండి.

– కాల్షియం పొడి, యూవీబీ (అతినీలలోహిత కాంతినిచ్చే) దీపం ఉండి తీరాలి. తిండిలో చాలకపోతే గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియాన్ని తల్లి తన ఎముకల్లోంచే తీసి ఇస్తుంది. కాళ్లు వణుకుతుంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

– తవ్వుకోవడానికి ఒక అడుగు లోతున తడి ఇసుక, మట్టి కలిపి ఉంచండి. పిడికిట పడితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. ఆడది రోజుల తరబడి తవ్వుతూ, గుడ్లు పెట్టకుండా నీరసిస్తుంటే గుడ్లు లోపలే చిక్కుకుని ఉండవచ్చు. వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

– గుడ్డును తీసేటప్పుడు పైభాగాన పెన్సిల్‌తో చుక్క పెట్టి, అదే వైపు పైకి ఉండేలా పొదిగే పెట్టెలో ఉంచండి; తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. వేడి 28–29 డిగ్రీలు చాలు, సుమారు రెండు నెలలు పడుతుంది.

– పిల్లలు ఒకదాని వేళ్లు, తోకలు ఒకటి కొరికేస్తాయి. విడి పెట్టెలు ముందే సిద్ధం చేసుకోండి.

– ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. వీటి నుంచి అంటుకోగల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చిన్నపిల్లలకు ప్రమాదకరం. వంటింటి సింకులో వీటి గిన్నెలు తోమవద్దు.