ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేటప్పుడు సీసం కలవకుండా చూసుకోవడం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇత్తడి గిన్నెలను ఇంకా వాడుతున్న ఇళ్లవారు కళాయి పూయించే ముందు ఆ పూతకు వాడే లోహపు కడ్డీని అడిగి చేతిలోకి తీసుకోవాలి. పూతకు వాడవలసింది తగరం. అందులో చవకైన సీసం కలిపితే కంటికి తేడా తెలియదు.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద, సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతాయి, కానీ రెండూ కలిస్తే ఇంకా తక్కువ వేడికే కరుగుతాయి కనుక పూత సులువుగా పరుచుకుంటుంది. అదే పరిమాణంలో సీసం తగరం కంటే ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. కడ్డీని తెల్ల కాగితంపై గీస్తే బూడిదరంగు చార పడితే సీసం ఉందని అనుమానించాలి. తగరపు కడ్డీని వంచితే కిరకిరమనే సన్నని శబ్దం వస్తుంది. ఈ పరీక్షలు కొద్దిపాటి కల్తీని పట్టలేవు, కాబట్టి నమ్మకం కుదరకపోతే ఆ గిన్నెలో వండకపోవడమే మేలని నా అభిప్రాయం.

ముఖ్యంగా పచ్చి పులుసు వంటి చింతపండు వంటకాలను అందులో నిల్వ ఉంచకూడదు, ఎందుకంటే పులుపు సీసాన్ని కరిగించి ఆహారంలోకి దింపుతుంది, మరిగించినా అది పోదు. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలిచి, రక్తహీనతను, కడుపునొప్పిని కలిగిస్తుంది. పసిపిల్లల మెదడుకు అది చేసే హాని మళ్లీ సరికాదు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అనుమానముంటే పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించాలి.