పరామర్శకు ఎవరూ రాని ఊళ్లో: కొత్తగా అమెరికా వచ్చినవారికి దుఃఖం, కుంగుబాటు, థెరపీ గురించి కొన్ని సూచనలు

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ సత్యనారాయణపురంలోనో ఒక ఇంట్లో మనిషి పోతే వాకిట్లో షామియానా లేస్తుంది, ప్లాస్టిక్ కుర్చీలు దిగుతాయి. ఆ తర్వాత పెద్దకర్మ వరకు పరామర్శకు వచ్చిన ప్రతివారూ కూర్చున్న రెండు నిమిషాలకు ఒకే మాట అడుగుతారు: "అసలు ఎలా జరిగిందండీ?" ఇంటివారు చెబుతారు. రాత్రి మామూలుగానే భోంచేశారనీ, తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నారనీ, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందనీ చెబుతారు. మొదటి రోజు ఆ మాటలు గొంతులోనే ఆగిపోయిన మనిషి, పది రోజుల్లో ఎన్నోసార్లు చెప్పిన తర్వాత చివరిదాకా చెప్పగలుగుతాడు. పరదేశంలో ఉన్న కొడుకును గానీ కూతురిని గానీ ఆ ప్రశ్న అడిగేవారుండరు. ఆఫీసులో "ఐ యామ్ సారీ" అంటారు, పూలగుత్తి పంపుతారు, సోమవారం మీటింగు యథావిధిగా జరుగుతుంది.

మా గుంటూరు, కృష్ణా ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చినవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఇల్లు వంటి విషయాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. మనసు కుంగినప్పుడు ఎక్కడికి వెళ్లాలో, వెళితే లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను ప్రధానంగా అమెరికా పద్ధతులనే వివరిస్తాను.

మొదట దుఃఖానికీ కుంగుబాటుకూ తేడా తెలుసుకోవాలి. ఆప్తులు పోయిన దుఃఖం కెరటాల్లా వస్తుంది. నాన్న గొంతు ఉన్న పాత వాయిస్ మెసేజ్ వింటే కూలిపోతాం, అరగంట తర్వాత ఆయన చెప్పిన హాస్యం గుర్తొచ్చి నవ్వుతాం. కుంగుబాటు, అంటే డాక్టర్లు డిప్రెషన్ అనేది, అలా వచ్చిపోయేది కాదు. కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండడం, ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తలకిందులు కావడం, తానెందుకూ పనికిరాననే భావం పాతుకుపోవడం దాని లక్షణాలు. మనవాళ్లు డాక్టరు దగ్గర మనసు సంగతి చెప్పకుండా నీరసం, గ్యాస్, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అనే చెబుతారు. డాక్టరు థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు చేయిస్తే చేయించుకోండి, అవి కూడా మనిషిని కుంగదీస్తాయి. కానీ క్లినిక్‌లో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చినప్పుడు, అన్నిటికీ "లేదు" అని గీత పెట్టేసి రావద్దు. గడచిన రెండు వారాల గురించి అడిగే ఆ ప్రశ్నలకు మొత్తం మార్కులు 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు మరింత లోతుగా విచారిస్తారు.

థెరపీ అంటే పిచ్చికి వైద్యమని ఇంట్లో పెద్దవారు అనుకుంటే అనుకోనివ్వండి. దానికంటే ఎక్కువగా అడ్డుపడేది, థెరపిస్టు సలహాలు ఇస్తారనే అపోహ. సలహాలకు మనకు బాబాయిలు, పిన్నులు చాలినంతమంది ఉన్నారు. థెరపీ వారానికొకసారి, సుమారు 45 నుంచి 50 నిమిషాలు, ఇద్దరు మనుషులు ఒక క్రమంలో చేసే పని. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అంటే సీబీటీలో, మనసులో తనంతట తానుగా లేచే ఆలోచనను కాగితం మీద పెట్టి పరీక్షిస్తారు. "నా బ్యాచ్‌లో అందరికీ ఉద్యోగాలు వచ్చాయి, నేనే చేతగానివాణ్ణి" అని మీరంటే, అందరికీ అంటే ఎందరికి, మీకు తెలిసిన ఆధారం ఏమిటి, ఇదే మాట మీ స్నేహితుడు అంటే అతనికి ఏం చెబుతారు అని అడుగుతారు. ఉత్సాహం వచ్చాక లేద్దామని మంచం పట్టుకుని ఉండకుండా, రోజుకో చిన్న పని ముందు మొదలుపెట్టించడం కూడా ఇందులో ఒక భాగం. ఉత్సాహం పని వెనకాలే వస్తుందన్నది దీని వెనుక ఉన్న సూత్రం.

కొత్తగా వచ్చినవారికి మరింత అక్కరకొచ్చేది ఇంటర్‌పర్సనల్ థెరపీ అని నా అభిప్రాయం. సాధారణంగా 12 నుంచి 16 వారాలు సాగే ఈ పద్ధతి, కుంగుబాటుకు మూలాన్ని ఆప్తుల మరణం, బంధాల్లో తగాదా, జీవితంలో పాత్ర మారిపోవడం, ఒంటరితనం అనే చోట్ల వెతుకుతుంది. విజయవాడలో కళాశాల లెక్చరరుగా పదిమంది చేత "మేడమ్" అనిపించుకున్న స్త్రీ, భర్త వీసా మీద వచ్చి అపార్ట్‌మెంట్‌లో కూర్చోవలసి రావడం పాత్ర మారిపోవడమే. పోగొట్టుకున్నదాన్ని పోగొట్టుకున్నట్లు ఒప్పుకుని బాధపడడానికి ఆ గదిలో అనుమతి ఉంటుంది, "అమెరికాలో ఉండి నీకేం బాధ" అనే మాట అక్కడ వినపడదు.

ఇక మరణదుఃఖం విషయం. చాలామంది దుఃఖం ఏ థెరపీ లేకుండానే కాలక్రమంలో మెత్తబడుతుంది, అది జబ్బు కాదు. అయితే ఏడాది దాటినా తీవ్రత తగ్గక, పోయినవారి ఆలోచనే రోజంతా ఆక్రమించి, ఉద్యోగం, సంసారం సాగనివ్వకపోతే దానిని ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతలను వర్గీకరించే తన డీఎస్ఎం గ్రంథంలో 2022లో దీనిని చేర్చింది. దీనికోసం కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ షియర్ 16 సెషన్ల చికిత్సను రూపొందించారు. అందులో ముఖ్యమైన ఘట్టం గురించి చదివినప్పుడు నాకు మా వీధి షామియానాయే గుర్తొచ్చింది. మరణవార్త తెలిసిన క్షణం నుంచి జరిగినదంతా కళ్లు మూసుకుని చెప్పమంటారు, దాన్ని రికార్డు చేస్తారు, ఇంటి దగ్గర మళ్లీ వినమంటారు, తర్వాతి వారాల్లో మళ్లీ చెప్పమంటారు. తెల్లవారుజామున వచ్చిన ఫోను, టికెట్ దొరకకపోవడం, ఫ్రీజర్ బాక్సులో ఉన్న అమ్మను వాట్సాప్ వీడియోలో చూడడం, నెట్‌వర్క్ తెగిపోయి మంట అంటుకున్న క్షణం కనపడకపోవడం, ఇవన్నీ ఆ గదిలో మాటలవుతాయి. ఇంకొక సెషన్‌లో పోయినవారితో ఊహలో మాట్లాడి, వారి సమాధానం కూడా మనమే చెప్పాలి. "రాలేకపోయాను నాన్నా" అనే మాట బయటకు రావడానికి చాలామందికి అంతదాకా చోటే దొరకదు.

దూరాన ఉన్నవారి దుఃఖంలో ఈ అపరాధభావమే ఎక్కువ బరువు. ప్రైవేటు ఉద్యోగులకు ఆప్తుల మరణానికి సెలవు ఇవ్వాలన్న నియమమేదీ అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. కంపెనీలు సాధారణంగా ఇచ్చే మూడు నుంచి ఐదు రోజులు రాకపోకలకే చాలవు. తిరిగి రావడానికి పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర, అంటే స్టాంపింగ్, దొరకదేమోనన్న భయం దానికి తోడు. వెళ్లలేకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదని మనకు తెలిసినా మనసు ఒప్పుకోదు. మాసికం నాడు ఇక్కడే పురోహితుణ్ణి పిలిపించుకోవడమో, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించుకోవడమో, నలుగురు స్నేహితులకు భోజనం పెట్టి ఆయన గురించి చెప్పుకోవడమో తప్పక చేయండి. థెరపిస్టులు కూడా వీటిని ప్రోత్సహిస్తారు.

ఎలా మొదలుపెట్టాలి? విద్యార్థులైతే విశ్వవిద్యాలయంలోని కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. మీరు కట్టిన ఫీజులోనే చాలాచోట్ల కొన్ని సెషన్లు కలిసి ఉంటాయి. కుంగుబాటు వల్ల కోర్సులు మోయలేకపోతే, వాటిని వదిలే ముందే డీఎస్‌ఓను, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారిని కలవాలి. డాక్టరు గానీ లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన లేఖతో, ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు తక్కువ కోర్సులు తీసుకునే అనుమతి ఎఫ్-1 విద్యార్థి వీసా నిబంధనల్లో ఉంది. అడగకుండా కోర్సు డ్రాప్ చేస్తే మాత్రం వీసా స్టేటస్‌కే ప్రమాదం. ఉద్యోగులైతే కంపెనీ ఈఏపీ, అంటే ఉద్యోగుల సహాయ పథకం గురించి అడగండి. సాధారణంగా కొన్ని సెషన్లు ఉచితం, కుటుంబసభ్యులకూ వర్తిస్తుంది. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వెబ్‌సైటులో ఇన్-నెట్‌వర్క్ థెరపిస్టులను, అంటే ఆ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవారిని వెతికి, కాపే (ప్రతిసారీ మీరు కట్టే వాటా) ఎంతో, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు భరించే మొత్తం) ముందు కట్టాలో లేదో ఫోనులోనే కనుక్కోండి. థెరపిస్టుకు మీరున్న రాష్ట్రం లైసెన్సు ఉండాలి. టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారితే మళ్లీ వెతుక్కోవలసి రావచ్చు. తెలుగు వచ్చినవారు దొరికితే అదృష్టమే, దొరకకపోతే "నాకు ఏడుపు తెలుగులోనే వస్తుంది" అని ధైర్యంగా చెప్పి, కొన్ని వాక్యాలు తెలుగులో అన్న తర్వాతే ఇంగ్లీషులో వివరించండి. మొదటివారు కుదరకపోతే మార్చుకోవడం తప్పు కాదు.

చెప్పినది బయటికి పోతుందా అన్నది మనవాళ్ల అసలు భయం. ప్రాణాపాయం, పిల్లలపై హింస వంటి కొద్ది సందర్భాల్లో తప్ప థెరపిస్టు మీ అనుమతి లేకుండా తల్లిదండ్రులకు గానీ, భర్తకు గానీ, మేనేజరుకు గానీ చెప్పకూడదు. అయితే ఇన్సూరెన్స్ భర్త పేరున ఉంటే ఖర్చు వివరాల కాగితం ఆయనకే రావచ్చని గుర్తుంచుకోండి. గ్రీన్ కార్డు వైద్యపరీక్షలో డిప్రెషన్ ఉండడమే అడ్డంకి కాదు. దానితోపాటు తనకో ఇతరులకో హాని కలిగించే ప్రవర్తన ఉందా అన్నదే వారు చూస్తారు.

చనిపోవాలనే ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. అమెరికాలోనూ కెనడాలోనూ 988కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14. ఇంగ్లండులో ఉన్నవారు డాక్టరు చీటీ లేకుండానే ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు తామే దరఖాస్తు చేసుకోవచ్చు.

మీరు ఇక్కడ ఏడుస్తున్న సమయానికి గుంటూరులో అమ్మ ఒక్కతే ఉంటుంది. షామియానా తీసేశాక పరామర్శలు ఆమెకూ ఆగిపోతాయి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నంబరు వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, పక్కింటివారి చేత అమ్మ ఫోనులో సేవ్ చేయించండి.